ఆ ఫోటోల నేను గుడ ఉన్న

మా అమ్మవాళ్ళ ఇంట్లో, నింబోలి అడ్డలో, ముందు గది తలుపు మీద ఒక ఫోటో ఉండేది. పైభాగం గోడకి దూరంగా, కింది అంచు గోడకి ఆనించి, ముందుకు వంగినట్టు కట్టి ఉండేది. పాత ఇళ్ళల్లో ఫోటోలన్నీ అట్లాగే కట్టేవాళ్ళు, చాప మీద కూర్చున్నవాళ్ళకి కూడా కనబడాలని. అందులో తాత నిలబడి ఉంటాడు. నానమ్మ కుర్చీలో. ఆమె మోకాలికి ఆనుకొని నాలుగేళ్ళ పిల్లవాడు. ఆ పిల్లవాడు మా నాయిన. మాకు బుద్ధి తెలిసినప్పటినుంచి వింటున్న మాట ఇదే.

ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ ఫోటో చూసి "ఇది నువ్వేనా?" అంటే నాయిన "నేనే అంటరు" అనేవాడు. అన్నిసార్లూ అదే జవాబు. "నేనే" అని మాత్రం ఒక్కసారీ అనలేదు.

మా మేనత్తది ఇంకో మాట. నాయినకంటే పదకొండేళ్ళు పెద్ద. పండక్కి వచ్చినప్పుడల్లా ఆ ఫోటో కింద నిలబడి "ఆ ఫోటోల నేను గుడ ఉన్న" అనేది. మేమందరం తలెత్తి చూసేవాళ్ళం. ముగ్గురే కనబడేవాళ్ళు. "ఏడున్నవత్తా, చూపియ్యి" అని నవ్వేవాళ్ళం. ఆమె ఫోటో ఎడమ అంచు మీద వేలు పెట్టేది. అక్కడ అట్ట అంచూ, చెక్క ఫ్రేమూ తప్ప ఏమీ లేవు. పెద్దామెకి యాది తప్పుతోందని అనుకున్నాం. అప్పటికి ఆమెకి అరవై కూడా లేవు.

పోయిన వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తుంటే ఆ ఫోటో కింద పడింది. కట్టిన సుతిలి పుచ్చిపోయి ఉంది. అద్దం మూడు ముక్కలైంది. నాయిన పోయి అప్పటికి నాలుగేళ్ళు. అమ్మ ఆ రోజంతా అన్నం తినలేదు. బాగు చేయించి తెస్తానని నేను పాత చీరలో చుట్టి ఇంటికి తీసుకొచ్చాను.

మొదట ఒక ఫ్రేముల షాపుకి తీసుకెళ్ళాను. అంచులు కోసేసి, కంప్యూటర్లో రంగులద్ది, కొత్త దానిలా చేసి రేపటికి ఇస్తామన్నారు. కోయడం అన్న మాట విని ఎందుకో భయమేసింది. వెనక్కి తెచ్చుకున్నాను. ఆ భయమే లేకపోతే ఇదంతా జరిగేది కాదు.

మర్నాడు ఆదివారం, భోజనాల బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, ఫ్రేము బోర్లా పెట్టి విప్పాను. మేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటి కదిలిస్తూ తీయడానికే గంట పట్టింది. వెనక అట్ట తీస్తే కింద ఒక తెలుగు పేపరు ముక్క. పసుపు రంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. అందులో తలనొప్పి మందు ప్రకటన ఉంది, ధర నయా పైసల్లో వేశారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. మన దేశంలో అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1964 జూన్‌లో ఆ "నయా" తీసేసి ఉత్త పైసలన్నారు. అంటే ఈ కాగితం ఆ ఏడేళ్ళలోది. ఫోటో తేదీ దొరికిందని అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

కానీ ఆ లెక్క కుదరదు. నాయిన 1944లో పుట్టాడు. 1957 నాటికి పదమూడేళ్ళు. ఫోటోలో పిల్లవాడికి నాలుగు. కాసేపు అట్లాగే కూర్చుంటే అప్పుడు తట్టింది. పేపరు చెబుతున్నది ఫ్రేము కట్టిన కాలం, ఫోటో తీసిన కాలం కాదు. ఇల్లు మారినప్పుడో, నాయిన చేతికి మొదటి జీతం వచ్చినప్పుడో ఎవరో పాత ఫోటోకి ఫ్రేము కట్టించారు. పాత ఫోటో వెనక పేపరు దొరికితే ఎవరైనా చేసే పొరపాటే ఇది. ఫ్రేము వయసు వేరు, బొమ్మ వయసు వేరు.

పేపరు తీశాక ఫోటో అంటించిన మందపాటి అట్ట బయటికొచ్చింది. ముందువైపు, ఫోటోకి అద్దానికి మధ్య, లోపల కిటికీలా కోసిన ఇంకో అట్ట పెట్టి ఉంది. ఫ్రేముకి సరిపడేట్టు ఫ్రేములాయన పెట్టిన అంచు అది. దాన్ని పైకెత్తాను.

ఎడమ పక్కన, ఇన్నేళ్ళూ ఆ అట్ట కింద దాగి ఉన్న అంగుళం వెడల్పు చోటులో, ఒక ఆడపిల్ల నిలబడి ఉంది.

లంగా, మోచేతుల దాకా జాకెట్టు, ముందుకు వేసుకున్న జడ. ఆరేడేళ్ళుంటాయి. ఒక చేత్తో వెనకున్న రంగుల పరదా అంచు పట్టుకుంది. ఎండ తగలని చోటు కాబట్టి మిగతా ఫోటో వెలిసిపోయినా ఆ పిల్ల ఒక్కతే నల్లగా, గట్టిగా, నిన్న తీసినట్టు ఉంది. నేను కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ వచ్చి చూశాను. ముప్ఫై ఏళ్ళకి పైగా మేము నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చాయి. అత్తమ్మకి అప్పుడే ఫోన్ చేయాలనిపించింది. చేయలేదు. ఇది ఫోన్లో చెప్పే మాట కాదు.

ఇక అప్పటినుంచి ఆ ఫోటోని వదల్లేదు. ఇలాంటి పనికి దిగేవాళ్ళకి పనికొస్తుందని నేను చేసింది కొంచెం వివరంగా రాస్తున్నాను.

కుడి పై మూల అద్దం ముక్క ఫోటోకి అతుక్కుపోయి ఉంది. దాన్ని లాగలేదు. వానాకాలాల తేమకి ఫోటో మీది జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది, లాగితే బొమ్మే ఊడి వచ్చేస్తుంది. తడిగుడ్డ అసలు దగ్గరికి రానివ్వకూడదు. మెత్తని కుంచెతో దుమ్ము మాత్రం దులిపాను. కిటికీ దగ్గర వాలుగా పట్టుకొని చూస్తే నలుపు ఎక్కువున్న చోట్ల, తాత కోటు మీద, అంచుల్లో, నీలంగా అద్దంలాంటి మెరుపు. పాడైపోయిందేమో అనుకున్నాను. కాదు. ఆ రోజుల ఫోటోల్లో బొమ్మని తయారుచేసేది వెండి. గాలికి, తేమకి ఏళ్ళ తరబడి ఆ వెండి పైకి తేలి అట్లా మెరుస్తుంది. అంటే ఇది ఈమధ్య తీసిన కాపీ కాదు, పాత ప్రింటే.

సాయంత్రం గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని అట్ట అంచుకి ఆనించి, వెలుతురు పక్కనుంచి పాకేట్టు పట్టుకున్నాను. పగలు ఉత్త అట్టలా కనబడిన చోట ఉబ్బెత్తు అక్షరాలు లేచాయి. స్టూడియో పేరున్న మూల విరిగిపోయింది. మిగిలింది ఇంగ్లిషులో "హైదరాబాద్ దక్కన్" అన్న రెండు మాటలే. సింధులో ఇంకో హైదరాబాద్ ఉంది కదా, దానితో కలవకుండా అప్పట్లో మన ఊరి పేరుకి దక్కన్ తోక ఉండేది. ఉత్తరాల చిరునామాల్లో, దుకాణాల బిల్లుల్లో అట్లాగే రాసేవాళ్ళు.

మర్నాడు ఆఫీసు స్కానర్లో 1200 డీపీఐలో స్కాన్ చేశాను. పెద్ద గాజు పలక నుంచి నేరుగా వేసిన ప్రింటు కావడంతో ఎంత పెద్దది చేసినా గీతలు చెదరలేదు. తాత చంకలో ఒక టోపీ ఉంది. ఇన్నేళ్ళూ అది కోటు ముడతే అనుకున్నాం. టోపీ మీద ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మీద ఒకదాన్లో ఒకటి అల్లుకున్న మూడు ఇంగ్లిషు అక్షరాలు: ఎన్, ఎస్, ఆర్. నిజాం స్టేట్ రైల్వే.

తాత కాచిగూడ స్టేషన్లో పాయింట్స్‌మన్ అని మాకు తెలుసు. పట్టాలు మార్చే పని. కాని ఆ మూడక్షరాలు మాకు ఇంకో సంగతి చెబుతాయి. 1930 దాకా ఆ రైల్వే ఒక కంపెనీ చేతిలో ఉండేది, పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని కొనేసింది. పేరులోంచి "గ్యారంటీడ్" పోయింది, అక్షరాల్లోంచి జీ పోయింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసిపోయాక ఈ బిళ్ళకే పని లేదు. అంటే ఫోటో ఆ ఇరవై ఒక్క ఏళ్ళ మధ్యది. నాయినకి నాలుగేళ్ళంటే 1948. ఆ ఏడు సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, నిజాం రాజ్యం ఇండియాలో కలిసిన ఏడు. సరిగ్గా ఇమిడిపోయింది. నేను నిశ్చింతగా ఉన్నాను.

అట్ట వెనక వంకాయ రంగు సిరాతో రెండున్నర వరసల ఉర్దూ ఉంది. దాన్ని మొదటిరోజే చూశాను కాని, స్టూడియోవాళ్ళ లెక్క ఏదో అయుంటుందని పట్టించుకోలేదు. తాత చదువుకున్నది ఉర్దూలోనే. ఆ తరంలో హైదరాబాద్ కొలువుల్లో ఉన్న తెలుగువాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, చేత్తో రాసింది ఉర్దూ. నాయినకి కొంచెం వచ్చేది. నాకు అలీఫ్ కూడా రాదు. మూడు తరాల్లో తాత చేతిరాత నాకు అందనిదైపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఛత్తా బజార్లో పెళ్ళికార్డులు అచ్చువేసే సందు ఉంది. ఉర్దూ చేత్తో అందంగా రాసే కాతిబులు ఒకప్పుడు అక్కడ దుకాణానికొకరు ఉండేవాళ్ళట. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. అడుగుతూ అడుగుతూ పోతే ఒక మెట్ల కింద, డెబ్బై దాటిన పెద్దాయన దొరికాడు. అట్ట చేతికిచ్చాను. జేబులోంచి భూతద్దం తీసి, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు.

"నీ దాదానా, బేటీ? రాత మంచిగుంది" అన్నాడు. తర్వాత వేలు పెట్టి చదివాడు. తాత పేరు. పాయింట్స్‌మన్, కాచిగూడ. మ అహల్-ఓ-అయాల్, అంటే పెళ్ళాం పిల్లలతో సహా. దుఖ్తర్, ఉమ్ర్ ఛే సాల్. ఫర్జంద్, ఉమ్ర్ చార్ సాల్. కూతురు ఆరేళ్ళు, కొడుకు నాలుగేళ్ళు. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కూతురిది మా అత్తమ్మ పేరే. కొడుకు పేరు ఆయన చదివినప్పుడు నేను ఆగమన్నాను. మళ్ళీ చదవమన్నాను. అది నాయిన పేరు కాదు. మా ఇంట్లో ఎవరి పేరూ కాదు.

"తప్పుండదు. సాఫ్ రాసిండు" అన్నాడు ఆయన.

చివరి వరసలో తేదీ. బారా దై, తేరాసౌ ఉన్‌చాస్ ఫస్లీ. పన్నెండు, దై నెల, 1349. సంవత్సరం అంకె మీద చిన్న ఫే అక్షరం ఉంది, అది ఫస్లీకి గుర్తు. నిజాం రాజ్యంలో కచ్చేరీలన్నీ నడిచింది ఆ లెక్క మీదే. పంటల శిస్తు కోసం మొగలుల కాలంలో పుట్టిన సంవత్సరం అది, పాత పట్టా కాగితాలు చూసినవాళ్ళకి తెలిసే ఉంటుంది. ఆ పెద్దాయన నెలల పేర్లు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ... ఆజర్ మొదలయ్యేది అక్టోబరులో. కాబట్టి దై అంటే నవంబరు. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం.

ఒక పాత కార్డు వెనక ఆయనే లెక్క వేసి చూపించాడు. 1939.

నాయిన పుట్టడానికి ఐదేళ్ళ ముందు.

డబ్బులు తీసుకోలేదు ఆయన. ఎంత చెప్పినా వినలేదు. చాయ్ మాత్రం తాగించి పంపాడు.

ఇంటికొచ్చి నాయిన టెన్త్ సర్టిఫికెట్ తీశాను. ఆ రోజుల్లో బడిలో పంతులు తోచిన తేదీ వేసేవాడు, ఏడాది రెండేళ్ళు తేడా ఉండటం మామూలే. కాని 1939 నవంబరులో నాలుగేళ్ళున్న పిల్లవాడు 1935లో పుట్టుండాలి. తొమ్మిదేళ్ళ తప్పు ఏ పంతులూ వేయడు. పైగా పేరే వేరు. రాత్రి స్కాన్ తెరిచి ఆ పిల్లవాడి ముఖం చూస్తూ కూర్చున్నాను. చెవులు తాతవే. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదాలు బిగించాడు. స్టూడియోవాళ్ళు ఇచ్చిన కోటు అయుంటుంది, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. బూట్లూ పెద్దవే. ఫోటోలో ప్రతీదీ స్థిరంగా ఉంది, కుర్చీ కోళ్ళు, తివాచీ కుచ్చులు, నానమ్మ ముక్కుపుడక, మెడలో కంటె. ఒక్క ఆ పిల్లవాడి కుడి పాదం చెదిరిపోయి, పొగలాగా ఉంది. కదిలించాడు. ఎవరో ఒకటి రెండు లెక్కపెడుతూ కదలొద్దని చెబుతుంటే ఆ పాదం కదిలించాడు.

నాన్న అని ఇన్నేళ్ళు చూసిన ముఖం. ఎవరిదో తెలియని ముఖం.

అత్తమ్మ అంబర్‌పేటలో కొడుకు దగ్గర ఉంటుంది. తొంభై దాటాయి. చెవులు తగ్గాయి గాని మాట గట్టిగానే ఉంది. ఫోటోని బాగా పెద్దది చేసి ప్రింటు తీయించి తీసుకెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చొని, కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకొని, కాగితం ఒళ్ళో పెట్టుకుంది. చూపు నేరుగా ఎడమ అంచుకి పోయింది. వెతకను కూడా లేదు.

"సూసినవా" అంది.

నేను ఆమె పాదాలు పట్టుకున్నాను. "అత్తా, మేం నమ్మలే" అన్నాను.

"పోనీ తియ్ బిడ్డా. ఫ్రేము కట్టిచ్చినప్పుడు మీ తాతను అడిగిన, నన్నెందుకు కప్పిన్రని. ఫ్రేము చిన్నగైంది అన్నడు. మల్ల ఏం అడగలే."

తర్వాత ఆమె వేలు మెల్లగా జరిగి పిల్లవాడి దగ్గర ఆగింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కాతిబ్ చదివిన పేరు అన్నాను. అత్తమ్మ చటుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టింది. ఆ పేరు మా ఇంట్లో ఎనభై ఐదేళ్ళుగా ఎవరూ పలకలేదని అప్పుడు అర్థమైంది. అందుకే ఇక్కడా రాయడం లేదు.

ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే పెడుతున్నాను, నాకు గుర్తున్నంత.

"నా తమ్ముడు. పెద్దోడు. గా దినం జట్కల పోయినం. అమ్మ పొద్దుగాలనే తలకు పోసింది ఇద్దరికి. ఫోటో ఆయన నల్లబట్టల తలకాయ పెట్టిండు. గది సూశి వీనికి నవ్వు. బూట్లు ఊడిపోతున్నయని కాలు కొడ్తనే ఉండె. నాయిన భుజం ఒత్తి పట్టిండు సూడు. నన్ను పక్కకు నిలవడుమన్నరు. పరద పట్కున్న, కదులొద్దని."

నేను ఆ చెదిరిన పాదం చూపించాను. ఆమె దాన్ని వేలితో నిమిరింది, నిజంగా పాదం ఉన్నట్టు.

"గా ఎండకాలమే తల్లి పోసింది వానికి. ఒళ్ళంత. వేపకొమ్మలు కట్టినం. ఎవ్వల్ని రానియ్యలే. గంతల సర్కారోళ్ళు వచ్చి కోరంటికి తీస్కపోయిన్రు. అమ్మ ఎంబడి వోయింది. గేటుకాడ్నే ఆపిన్రు. మల్ల రాలే వాడు."

తల్లి పోయడమంటే మశూచి. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది, నా తరానికి అది పాఠ్యపుస్తకంలో మాట. కోరంటి అంటే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి. క్వారంటైన్ అన్న మాట మన నోళ్ళలో నలిగి కోరంటి అయింది, పాత బస్తీలవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. మా ఇంటినుంచి నడిచిపోయేంత దూరమే. నా చిన్నప్పుడు నల్లకుంట మార్కెట్‌కి పోవాలంటే నానమ్మ చుట్టూ తిప్పి తీసుకుపోయేది. ఎండలో ఎందుకు ఇంత దూరం అని ఏడ్చేదాన్ని. "గా దారి మంచిది కాదు" అనేది. అంతకుమించి చెప్పేది కాదు.

తర్వాత రెండేళ్ళకి ఇంకొకరు పుట్టి, ఇరవై ఒకటో రోజు కూడా నిండకుండానే పోయారట. పేరు కూడా పెట్టలేదు. ఫోటోలో నానమ్మ మెడలో ఉన్న కంటె అప్పుడే మార్వాడీ దగ్గర కుదువకి పోయిందని, విడిపించుకోలేదని అత్తమ్మ చెప్పింది. మేము చూసిన నానమ్మకి మెడలో పుస్తెలు, నల్లపూసలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు.

ఇక నాయిన సంగతి.

మా నాయిన పేరు భిక్షపతి. శివుడి పేరని, తాత శివభక్తుడు కాబట్టి పెట్టాడని మేము అనుకునేవాళ్ళం. అత్తమ్మ తల అడ్డంగా ఊపింది.

"మీ నాయిన పుట్టంగనే మొకం సూడలే అమ్మ. చాటల పండవెట్టి పెంటకుప్ప మీద పెట్టిచ్చింది. పక్క క్వార్టర్ల ఖాలా పోయి ఎత్తుకొచ్చుకున్నది, నాకు దొరికిండు, నా కొడుకన్నది. అమ్మ మల్ల బేడ ఇచ్చి కొనుక్కున్నది. ఐదిండ్లల్ల జోలె పట్టి బియ్యం అడుక్కొచ్చి వండి పెట్టింది. అడుక్కున్న కొడుకు గాబట్టి భిక్షపతి. ముక్కు గుడ కుట్టిచ్చిన్రు. బడికి పోయెదాంక బంగారు తీగె ఉండె."

పెంటయ్య, పుల్లయ్య, భిక్షమయ్య, పిచ్చయ్య లాంటి పేర్లు ఎందుకు పుట్టాయో నాకు తెలియంది కాదు. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే తర్వాతివాడికి పారేసినవాడి పేరో, అడుక్కొచ్చినవాడి పేరో పెడతారు, వీడు ఎవరికీ అక్కర్లేనివాడని చావు పట్టించుకోకుండా పోవాలని. ముక్కు కుట్టించేదీ అందుకే. ఎక్కడో చదివాను, ఎవరికో చెప్పాను కూడా. కాని ఆ పేరు పొద్దున లేస్తే మా ఇంట్లోనే వినబడుతున్నప్పుడు ఒక్కసారీ అటు ఆలోచించలేదు. నాయిన కుడి ముక్కుపుటం మీద చిన్న గుంట ఉండేది. చిన్నప్పుడు వచ్చిన పొక్కు మచ్చ అనేవాడు. ఆయనకీ తెలియదో, తెలిసీ అట్లా అనేవాడో.

నాయిన బీరువాలో గడ్డం సామాన్ల డబ్బా ఉంది. అందులో ఒక చిన్న వెండి బిళ్ళ, మీద చార్మినార్ బొమ్మ, పైన పొక్క, అంటే చిల్లు. నిజాం కాలపు హాలీ సిక్కా, రెండణాలు. మన మాటలో బేడ. పాత నాణెమని దాచుకున్నాడనుకొని ఆయన పోయాక కూడా అట్లాగే ఉంచాం. అత్తమ్మని అడిగాను.

"గదే. ఖాలా పైస తీస్కోలే. కంసాలి దగ్గర పొక్క కొట్టిచ్చి పోరని మొలతాడుకు తనే కట్టింది. నాకు ఇంత హక్కుండని అన్నది."

"మరి ఆ ఫోటోలో ఉన్నది నాయినే అని ఎందుకు చెప్పారు?"

"మీ నాయినే అడిగె, చిన్నగున్నప్పుడు. గీ పోరడెవడే అని. అమ్మ నువ్వే బిడ్డా అన్నది. నన్ను సూశి కండ్లతోటి వద్దన్నది. నేను ఇంక చెప్పలే."

అదే దాదాపు ఎనభై ఏళ్ళు నిలిచింది. అత్తమ్మ చెప్పకుండా ఉండలేకపోయిన ఒకే ఒక్క ముక్క, తన గురించి తాను చెప్పుకోగలిగినది, "ఆ ఫోటోల నేను గుడ ఉన్న" అన్నదే. దాన్నీ మేము నమ్మలేదు.

ఫోటో సంగతి త్వరగా చెప్పేస్తాను. అసలుది ఆసిడ్ లేని కాగితంలో చుట్టి, ఎండ తగలని అరలో బొమ్మ పైకి ఉండేట్టు చదునుగా పెట్టాను. అతుక్కున్న అద్దం ముక్క అట్లాగే ఉంది. స్కాన్ నుంచి ప్రింటు తీయించి, నలుగురూ కనబడేంత వెడల్పు ఫ్రేము కట్టించాను. వెనక తాత రాసిన ఉర్దూని కూడా ఫోటో తీసి ఫ్రేము వెనక అంటించాను, కింద తెలుగులో రాశాను, తేదీ రెండు లెక్కల్లోనూ వేసి. రంగులు వేయించలేదు. ఆ పాదాన్ని సరిచేయించలేదు. షాపు అబ్బాయి "అక్కా, ఇది బ్లర్ ఉంది, క్లియర్ చేస్తా" అన్నాడు. వద్దన్నాను.

అమ్మ కొత్త ఫ్రేము ముందు నిలబడి మొదట అడిగింది ఆడపిల్ల గురించి కాదు, మగపిల్లవాడి గురించి కాదు. "అత్తమ్మకు గీ సంగతి కోడలినైన నాకు చెప్పాలనిపించలేదా" అంది, నానమ్మని తలుచుకొని. యాభై ఏళ్ళు ఒకే వంటింట్లో ఉన్నారు ఇద్దరూ.

ఆషాఢం వచ్చింది. మా బస్తీ పోచమ్మకి బోనం ఎత్తే రోజు. నానమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె పెద్ద బోనం కుండ పక్కన రెండు చిన్న గురిగులు కూడా పెట్టేది. వాటికీ సున్నం, పసుపు, కుంకుమ, వేపాకు, లోపల ఇంత బెల్లమన్నం. అమ్మవారి దగ్గరనుంచి తిరిగొచ్చాక ఆ రెండు గురిగుల్లోది పిల్లలం పంచుకు తినేవాళ్ళం. ఎవరైనా అవెందుకు అంటే "అవి పిల్లలయి" అనేది నానమ్మ. మాకోసమే అనుకున్నాం. ఆమె పోయాక అమ్మ ఒక్క బోనమే ఎత్తుతోంది, చేతకాక.

ఈసారి కుండలకి నేనే వెళ్ళాను. కుమ్మరామె బోనం కుండ కట్టి ఇచ్చి, ఇంకేమన్నా కావాలా అంది.

"చిన్న గురిగులు రెండు" అన్నాను.